నల్లరేగడిలో మడ్‌గార్డులు

నల్లరేగడి నేల మీద సైకిలు తొక్కుతూ ఉద్యోగానికి పోయేవాడికి ముందుగా తెలియాల్సింది ఎక్కడ దిగాలన్న సంగతి. ఎక్కడం పదేళ్ల పిల్లలకు కూడా వస్తుంది. వాన పడ్డ మర్నాడు రేగడి దారిలో చక్రం బరువెక్కినట్టు కాలికి తెలుస్తుంది. తెలిసిన పది గజాల్లోనే దిగి పుల్లతో మట్టి గీకేసినవాడు అయిదు నిమిషాల్లో మళ్లీ ఎక్కుతాడు. ఇంకాస్త పోదామని పంతం పట్టి తొక్కినవాడికి ఆ పూట పోతుంది. నాకు ఒక పూట పోయింది. ఆ పూటతో నాది కాని ఇంకొకటి కూడా పోయింది. అదేమిటో ఈ ముక్కలో చెబుతాను.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో చిన్న సైకిలు దుకాణం నడుపుతున్నాను. అంతకుముందు ఇరవై ఏళ్లకు కాస్త తక్కువగా, బోధన్ ప్రాంతంలో ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు ఫీల్డ్‌మన్‌గా పని చేశాను. కోటగిరి వైపు ఊళ్లన్నీ సైకిలు మీదే తిరిగాను. మోకాళ్లు మొరాయిస్తే కిందటేడు మానుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి సైకిలు కొనడానికి వచ్చే కుర్రవాళ్లు నన్ను సలహాలు అడుగుతుంటారు. అడగకపోయినా చెబుతాను. ఆ సలహాల్లో పనికొచ్చేవి కొన్ని ముందు రాస్తాను.

చెరుకు బండి వెనకాల దగ్గరగా పోవద్దు. బండి తోకకు రెండు మూరల పొడుగున చెరుకు కొసలు వేలాడుతుంటాయి. ఎద్దులు టక్కున ఆగితే అవి మీ కళ్ల ఎత్తులో ఉంటాయి. దాటాలంటే ముందు గట్టిగా కేకెయ్యండి, బండాయన తలెత్తి చూశాకే దాటండి. బండిలోంచి నడుస్తుండగానే ఒక గడ లాగడం అందరూ చేసే పనే, నేనూ చేశాను, మీరు మాత్రం చెయ్యకండి. బండి చక్రాలు చేసిన గాడిలోకి మీ చక్రం దింపకండి. దిగితే పెడలు గట్టుకు తగిలి మీరు ఎద్దుల పక్కన పడుకుంటారు. కాలువ కట్ట మీద మేకల మంద పోయిన చోట తుమ్మముళ్లు ఉంటాయి, అక్కడ నడవండి. గాలి పంపు సైకిలుకే తగిలించి హోటల్లో కూర్చోవద్దు. సీటు కింద ఒక పొడిబట్ట, జానెడు వెదురుపుల్ల ఎప్పుడూ ఉండాలి. చెరుకు కోత సీజను మొదలయ్యే రోజు రెండు మడ్‌గార్డులూ విప్పి ఇంట్లో గోడకు తగిలించండి. ఎండాకాలం దాకా అవి అక్కడే ఉండాలి.

వీటిలో ఒక్కటి కూడా నేను కనిపెట్టింది కాదు. అన్నీ నాకంటే పదిహేనేళ్ల ముందునుంచి ఆ పని చేస్తున్న ఒక పెద్ద ఫీల్డ్‌మన్ దగ్గర నేర్చుకున్నవే. ఆయనది మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. ఆదివారం పొద్దున చర్చిలో, మిగతా ఆరు రోజులు సైకిలు మీద కనిపించేవాడు. బక్కపలచని మనిషి. ఆయన సైకిలుకు రంగు ఎప్పుడో పోయింది. గంట లేదు, నోటితో వేసే ఈల ఉంది. ఆ ఈల విని అరమైలు ముందే బండ్లు పక్కకు తప్పుకునేవి. ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెల నన్ను ఆయన వెంటే తిప్పారు.

నేను మాత్రం నిజామాబాద్‌లో కొత్త సైకిలు కొని, బోధన్ దాకా తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి. ఆకుపచ్చ రంగు. అద్దంలా మెరిసే మడ్‌గార్డులు. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ హోటలు ముందు దాన్ని స్టాండేసి నిలబెట్టిన రోజున నలుగురూ చుట్టూ చేరారు. పెద్దాయన కూడా వచ్చి వంగి చూశాడు.

"తమ్మీ, గీ మడ్‌గార్డులు పెండ్లి పిల్లగానికి మంచిగుంటయి. నువ్వు పోయేది చెరుకు తోటలకు. ఇప్పెయ్."

"ఇప్పితే బట్టలు ఖరాబైతయి గదన్నా."

"బట్టలు ఉతుక్కుంటవ్. తొవ్వల ఆగిపోయిన పని ఎట్ల ఉతుకుతవ్?"

హోటలాయన సాసరు తుడుస్తూ మధ్యలో దూరాడు. "ఉండనియ్యన్నా, ఇప్పితే ఆయన మొఖం సూసుకునేటందుకు అద్దం యాడ తెచ్చుకుంటడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మడ్‌గార్డులు మాత్రం విప్పలేదు.

మా పనిలో ముఖ్యమైంది కోత చిట్టీ. ఏ రైతు ఏ రోజు చెరుకు కొట్టి ఫ్యాక్టరీకి తోలాలో అందులో రాసి ఉంటుంది. చిట్టీ లేనిదే గేటు లోపలికి బండి రాదు. కొట్టిన చెరుకు రెండు రోజులు ఎండలో పడి ఉంటే ఎండిపోతుంది. కొట్టకుండా ఆపితే కొన్నాళ్లకు పూత వేసి లోపల బెండువారుతుంది. అందుకని చిట్టీ చేరవలసిన రోజున చేరవలసిన చేతికి చేరాలి. రైతు ఇంటికి పోయి ఇచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకురావడం ఫీల్డ్‌మన్ పని. వంతు వచ్చినా రైతు వద్దంటే చిట్టీ వెనక "నిరాకరణ" అని రాసి ఆఫీసులో ఇవ్వాలి, దానికి రైతు సంతకం అడగరు. అప్పుడు ఆ రైతు జాబితాలో అట్టడుగుకు పోతాడు. మళ్లీ వంతు వచ్చేది సీజను చివర్లో.

నేను చేరిన మొదటి సీజనులో, ఇంకా పర్మనెంటు కాకముందు, మాఘమాసంలో ఒకరోజు అకాల వాన పడింది. మర్నాడు పొద్దున ఆకాశం కడిగినట్టుంది, ఎండ బాగా కాసింది. నా చేతికి వచ్చిన చిట్టీ కోటగిరి దాటాక కాలువ మీది చిన్న వంతెనకు, మేం మోరీ అంటాం, అవతల రెండు మైళ్ల దూరంలో ఉన్న ఊరి రైతుది. వయసు మళ్లిన మనిషి. తలకు తెల్ల రుమాలు, భుజాన గొంగడి. ఎన్నేళ్లుగానో ఒక్కసారి కూడా వంతు తప్పనివాడని ఆఫీసులో పేరు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కోత ముఠా అప్పటికే ఆయన తోట పక్కన గుడిసెలు వేసుకుని చిట్టీ కోసం కూర్చుని ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

బయల్దేరుతుంటే మా పెద్ద ఫీల్డ్‌మన్ అడ్డం వచ్చాడు. ఆయన చేతిలో పానా ఉంది.

"ఇయ్యాల ఒక్కరోజన్న నా మాట ఇను. రెండు నిమిషాల పని. నేనే ఇప్పుత."

"ఎండ కొట్టింది గదన్నా. నేను పోయేసరికి ఆరిపోతది."

"పైన ఆరుతది. లోపల ఆరదు."

నేను గంట కొట్టుకుంటూ పోయాను.

కోటగిరి దాకా కంకర రోడ్డు, ఏ ఇబ్బందీ లేదు. కాలువ మోరీ దాటి రేగడి దారిలోకి దిగిన తర్వాత రెండు వందల గజాలు కూడా పోలేదు. చక్రం బరువెక్కింది. దిగాల్సింది, దిగలేదు. లేచి నిలబడి తొక్కాను. నల్లమట్టి, బండ్ల మీదినుంచి రాలిన చెరుకాకు రెండూ కలిసి మడ్‌గార్డు కింద తాడు పేనినట్టు బిగుసుకుపోయాయి. సైకిలు ఆగింది. ముందుకు తోస్తే రాదు, వెనక్కి లాగితే రాదు. వేలితో గీకాను, తాళంచెవితో పొడిచాను, ఆఖరికి పెన్ను మూత కూడా వాడాను. ఒక పక్క తీస్తే ఇంకో పక్క నిండేది.

ఆ ఊరికే పోతున్న ఖాళీ బండి ఒకటి వచ్చి పక్కన ఆగింది. బండాయన నన్నూ, చక్రాన్నీ కాసేపు చూశాడు.

"ఏంది సారూ, సైకిలుకు మేత పెడుతున్నవా?"

నాకు నవ్వు రాలేదు.

"బండ్ల ఎయ్యి. నువ్వూ ఎక్కు. మా ఊరికే గద పోతున్న."

బండి పక్కలకు చెరుకు ఆపడానికి పాతిన గుంజలు ఉన్నాయి, గరుకుగా. అందులో వేస్తే నా సైకిలు రంగు గీసుకుపోతుందని ఆలోచించాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. వద్దన్నాను.

"అయితే గీడ్నే పెట్టి నడిసి పో. గీ సైకిలు ఎవడెత్కపోతడు? అదే నడుస్తలేదాయె!"

అని నవ్వుకుంటూ ఎద్దులను అదిలించాడు. ఆయన చెప్పింది నిజమే. నడిస్తే ముప్పావు గంట. కాళ్లకు కొత్త తోలు చెప్పులు ఉన్నాయి, అవీ బురదలో పాడవుతాయి. నేను సైకిలును ఎత్తుకుని వెనక్కి మోరీ దాకా మోశాను. ముందుకు మొయ్యాల్సినదాన్ని వెనక్కి మోశాను. కాలువ నీళ్లతో శుభ్రంగా కడిగి, కోటగిరిలో హోటలు ముందు నిలబెట్టి, రెండు టీలు తాగాను. మధ్యాహ్నం ఆరితే పోదామనుకున్నాను. మధ్యాహ్నానికి ఆరలేదు. సాయంత్రం బోధన్ చేరుకున్నాక ఏం చెప్పాలో తోచక, చిట్టీ వెనక "నిరాకరణ" అని రాసి ఇచ్చేశాను. ఇంకా పర్మనెంటు కానివాణ్ణి. దారి బాగాలేక పోలేదని రాస్తే, ఇంకొకడు పోతున్నాడు కదా అంటారని భయం. ఒక రైతు ఒక్కసారి వద్దన్నాడంటే ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆ రైతే వచ్చాడు. నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా ఎండిన మట్టి. కేన్ ఆఫీసరు గదిలో గొంగడి తీసి చేతికి వేసుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నా వంతు ఎప్పుడో అడిగిపోదామని వచ్చిన. మీ గుమాస్తా ఏమో నేను వద్దన్ననని అంటున్నడు. నేను ఎవలికి వద్దన్న?"

ఆఫీసరు నన్ను పిలిపించాడు. చిట్టీ తిప్పి చూపించాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవును సార్."

"ఈయన ఏమన్నాడు?"

"ఇప్పుడు వద్దన్నడు సార్."

రైతు నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "సారూ, నువ్వు మా ఊరికి రాలే. మోరీ కాడ మా ఊరి బండాయన నిన్ను సూసిండు."

"తర్వాత నడిచి పోయిన సార్," అన్నాను ఆఫీసరుతోనే. రైతు వైపు చూడలేదు.

ఆఫీసరు చిట్టీ బల్ల మీద పెట్టాడు. "చూడు పటేలా, చిట్టీ మీద రాసి ఉంది. రాసింది మా మనిషి. ప్రతి ఒక్కరూ వచ్చి నేను అనలేదంటే నేనేం చెయ్యాలె?"

"ముఠావోళ్లు ఇయ్యాల పొద్దు మూకేదాక ఆగుతమన్నరు సార్. మూకినంక దాటిపోతరు. మల్ల యాడికెల్లి తేవాలె? చెరుకు పూతకొస్తున్నది. తోటంత గట్లనే నిలబడి బెండువడ్తది."

"బయట కూర్చో. చూద్దాం."

చూద్దాం అన్నాడంటే చూడడని అందరికీ తెలుసు. రైతు బయటికి వచ్చి వరండాలో స్తంభం పక్కన కూర్చున్నాడు. నేను దాటిపోతుంటే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని గోదాము వెనక్కి తీసుకుపోయాడు.

"తమ్మీ, గా రోజు పదకొండు గొట్టంగ కోటగిరిల నీ సైకిలు సూసిన. తళతళ మెరుస్తున్నది. గా ఊరికి పోయి వచ్చినోని సైకిలు గాదది."

నేను చెయ్యి విడిపించుకోబోయాను.

"లోపలికి పో. పోలేదని చెప్పు. ఒక్క ముక్క."

"నౌకరి పోతదన్నా. ఇంక పర్మనెంటు గాలే."

"పోతే పోతది. ఆయన తోట పోతున్నది."

"సాయంత్రం చెప్త. సార్ ఒక్కడే ఉన్నప్పుడు చెప్త."

"ముఠా సాయంత్రం దాటిపోతది."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన కాసేపు ఆగాడు. ఎంతసేపు ఆగాడో ఇప్పటికీ నాకు తెలుసు. ఒక మనిషి మనసు మార్చుకోవడానికి సరిపోయేంతసేపు ఆగాడు. తర్వాత నా చెయ్యి వదిలేసి ఆఫీసరు గదిలోకి పోయాడు. నేను వెనకాలే పోయి తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్, తప్పు నాది. మోరీ కాడ గీ పిల్లగాడు నాకు కలిసిండు. అటు నాకు పనున్నది, చిట్టీ నేనిస్త, నువ్వు వాపస్ పో అన్న. చిట్టీ తీసుకున్న. మల్ల నేనూ పోలే. సాయంత్రం గీ పిల్లగానికే చిట్టీ వాపసిచ్చి రైతు వద్దన్నడని చెప్పిన. నా మాట నమ్మి రాసిండు. ఇప్పుడు నన్ను కాపాడేటందుకు తానే పోయిన్నని అబద్ధం ఆడుతున్నడు."

ఆఫీసరు చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. "నువ్వా? పదిహేనేళ్ల సర్వీసు నీది!"

"అవును సార్. బద్ధకం చేసిన."

ఆఫీసరు నన్ను అడిగాడు. "నిజమేనా?"

అప్పుడు కూడా నాకు అవకాశం ఉంది. తల ఊపాను. కిందికీ పైకీ ఊపాను. ఈ ముప్పావు జీవితంలో నేను చేసిన పనుల్లో అది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చెడ్డది.

రైతుకు అప్పటికప్పుడు కొత్త చిట్టీ రాసిచ్చారు. ఆయన దాన్ని రుమాలు మడతలో పెట్టుకున్నాడు. పెద్దాయన ముందు ఆగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి తీశాడు. మెట్ల దగ్గర నేను నిలబడి ఉన్నాను.

"సారూ," అన్నాడు నాతో, "మా ఊరి తొవ్వ ఇంక ఆరలే. ఆరినంక రా. అప్పటిదాక నీ సైకిలు మంచిగ తుడుసుకో."

ఎవరినీ తిట్టనివాడు కాబట్టి అంతటితో ఆపాడు. మర్నాడు ఆయన తోటలో కోత మొదలైంది.

పెద్దాయనను ఫీల్డు నుంచి తీసేశారు. గేటు లోపల బండ్లను వరుసలో నిలబెట్టే పని ఇచ్చారు. ఊళ్లు తిరిగే మనిషికి దుమ్ములో నిలబడి ఎద్దులను అదిలించే పని. రెండేళ్లలో మళ్లీ ఫీల్డుకు పంపుతారన్నారు, పంపలేదు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. బండివాళ్లు ఆయన్ని "చిట్టీ మింగినాయన" అని పిలిచేవాళ్లు. కొందరు ఎదురుగానే అనేవాళ్లు. "మింగిన, అరిగింది గూడ. నీ ఎద్దులను పక్కకు పట్టు," అనేవాడాయన. ఆయన ఊళ్లన్నీ నాకు ఇచ్చారు. నేను పర్మనెంటు అయ్యాను. మడ్‌గార్డులు విప్పేశాను. మంచి ఫీల్డ్‌మన్‌ననే పేరు కూడా తెచ్చుకున్నాను. ఇందులో గొప్పలేదు గానీ అబద్ధం కూడా లేదు: ఆ తర్వాత నా సర్వీసులో ఒక్క చిట్టీ కూడా ఆలస్యం కాలేదు. భుజాన సైకిలు మోసుకుపోయి ఇచ్చిన రోజులు ఉన్నాయి. ఆ రైతుకు కూడా ఇచ్చాను, ఏటేటా. మజ్జిగ ఇచ్చేవాడు, సంతకం పెట్టేవాడు. పాత సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ సీజను నుంచి ఒక రూలు వచ్చింది. ఒకరి చిట్టీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా ఆ రూలు చెప్పి, అది ఎందుకు వచ్చిందో కూడా చెబుతారు: వెనకటికి ఒక బద్ధకపు ఫీల్డ్‌మన్ సాటివాడి చిట్టీ తీసుకుని రైతుకు ఇవ్వకుండా ఎగ్గొట్టాడని. ఇంత దాకా మీకు చెప్పింది నాకు భయం ఉన్న రోజుల కథ. దీని తర్వాతది ఇంకా కష్టం. నాకు పదేళ్ల సర్వీసు వచ్చాక కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత నాకే ఇచ్చారు. అప్పుడు నాకు భయం లేదు. ఉద్యోగం పోయే పని లేదు. అయినా ఆ కథను అదే తీరుగా నేనే చెప్పాను. ఒక్క ఏడు కాదు. కుర్రవాళ్లు నవ్వేచోట ఆగి, నవ్వు అయిపోయాక మొదలుపెట్టడం కూడా అలవాటైంది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ కోటగిరి వైపు తిరుగుతున్నారు. మీలో కొందరు మోపెడ్లు కొన్నారట. మీకు ఆ కథ చెప్పింది నేనే. ఈ ముక్క ముఖ్యంగా మీ కోసం రాస్తున్నాను.

రాసే ముందు పెద్దాయన దగ్గరికి పోయాను. బోధన్‌లో చర్చి వెనక సందులో ఆయన ఇల్లు. వాకిట్లో మంచం మీద కూర్చుని మనవరాలి చెప్పుకు తెగిన వారు కుడుతున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయనతో ఆ సంగతి మాట్లాడటం ఆ గోదాము వెనక నిలబడిన రోజు తర్వాత అదే మొదలు.

"అన్నా, జరిగిందంత రాద్దామనుకుంటున్న. అందరికి తెల్వాలె."

ఆయన సూది లాగి దారం కొరికాడు. "ఇన్నేండ్లకు తీరిక దొరికిందా?"

"మాఫ్ చెయ్యన్నా."

"మాఫీ సంగతి తర్వాత. రాస్తే ఏం రాస్తవ్?"

"నువ్వు నా కోసం ఎంత చేసినవో రాస్త."

ఆయన చెప్పు పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. కోపం ఉందేమో అనుకున్నాను. విసుగు ఉంది.

"గదే రాయకు. నీ కోసం నేనేం చెయ్యలే. గా రోజు నువ్వంటే నాకు మస్తు కోపం. గోదాము ఎనుకనే నాలుగు గుద్దాలనుకున్న. కని నిన్ను గుద్దితే చెరుకు కదులుతదా? ఎవడో ఒకడు ఒప్పుకుంటె గని కొత్త చిట్టీ రాయరు. నువ్వు ఒప్పుకోలే. నేను ఒప్పుకున్న. గంతే. నన్ను ఏసుప్రభువును చేసి రాసినవంటే మల్ల ఈ వాకిట్లకు రాకు."

"మరి ఏం రాయాలన్నా?"

"జరిగింది రాయి. పొగుడుడు బంద్ వెట్టి, జరిగింది రాయి. మా మనవరాలు బడిల సదువుతున్నది. వాళ్ల తాత చిట్టీ మింగిండని ఆడ ఎవడో అన్నడట. ఇంటికొచ్చి నన్ను అడిగింది. నేనేం చెప్పాలె? నేను చెప్తే తాత కాబట్టి చెప్తున్నడంటది. నువ్వు చెప్పాలె."

ఆ పిల్ల లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. పదేళ్లు ఉంటాయి. ఆ రోజు ఆమెకు నోటితో చెప్పాను. ఇప్పుడు మీకు రాసి చెబుతున్నాను. ఆయన కోరినట్టే పొగడ్త ఏమీ కలపలేదు.

ఆ కోత చిట్టీ ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. మోరీ దగ్గర ఆయన నాకు కలవలేదు. పొద్దున ఆఫీసులో తీసుకున్నప్పటి నుంచి సాయంత్రం వెనక రాసి ఇచ్చేదాకా అది నా చొక్కా జేబులో ఉంది.